మెట్లెక్కని ఏనుగు

నాకు తెలిసిన సంగతి ఎదుటివాళ్ళకు కూడా తెలిసిపోయేదాకా నాకు ముద్ద దిగదు. ఇది రోగమని మా ఆవిడ అంటుంది. నేను చాలాకాలం దీన్ని విద్యాదానం అనుకున్నాను. బ్యాంకులో ఉన్న రోజుల్లో డ్రాఫ్టు కోసం కౌంటరు ముందు నిలబడ్డవాళ్ళకు, డ్రాఫ్టుతో పాటు నిజాం నాటి హాలీ సిక్కా కథ కూడా ఇచ్చి పంపేవాణ్ణి. వెనక లైన్లో ఉన్నవాళ్ళు గట్టిగా దగ్గేవాళ్ళు. పాపం ఊరంతా జలుబులా ఉంది అనుకున్నానే తప్ప, ఆ దగ్గు నా కోసమని ఏనాడూ తోచలేదు.

రిటైరయ్యాక కౌంటరు పోయింది, లైనూ పోయింది. పిల్లలు దూరాన ఉన్నారు. వీడియో కాల్లో నేను చరిత్ర ఎత్తుకోగానే సరిగ్గా అప్పుడే వాళ్ళ నెట్‌వర్క్ పోతుంది. షుగరుంది కదా, రోజూ నడవమన్నాడు డాక్టరు. కాలనీ పార్కులో గానుగెద్దులా అదే చుట్టు తిరగడం నా వల్ల కాలేదు. ఆదివారాలు పాత కట్టడాల చుట్టూ తిప్పి చూపించే నడకలుంటాయని ఎవరో చెబితే వెళ్ళాను. నడక బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే అక్కడ మాట్లాడేది ఇంకొకతను. నాకు తెలిసినవే చెబుతుంటాడు, నేను నోరు మూసుకుని వినాలి. మధ్యలో ఒక తేదీ సరిచేశాను. కాసేపటికి ఇంకొకటి. మళ్ళీ నోరు తెరవబోతే, "పోనీ మీరే చెప్పండి సార్" అన్నాడు నవ్వుతూనే. నేను నిజంగానే చెప్పడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత ఇక అలాంటి నడకలకు పోలేదు. పోలేదు అనడం కన్నా, వాళ్ళు నా పేరు రాసుకోవడం మానేశారు అనడం న్యాయం. సరే, నా నడక నేనే నడుస్తాను, నాకు నేనే గైడును అనుకున్నాను. ఒక తెల్లకాగితం తీసుకుని ఎక్కడ బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఆగినచోట ఏం గుర్తు చేసుకోవాలి అంతా రాసుకున్నాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటే, మళ్ళీ ఉద్యోగంలో చేరినట్టే అనిపించింది.

మొదట వేసుకున్న దారి ఇప్పటికీ మంచిదే, దానికి నేను సిగ్గుపడను. పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలు. పాత పేరు బాగే ఆం, 1846 నాటి తోట. ఓ పక్క అసెంబ్లీ, ఓ పక్క 1913 నాటి జూబ్లీ హాలు, మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ. అక్కణ్ణుంచి నాంపల్లి స్టేషన్ రోడ్డు పట్టుకుంటే గోల్డెన్ థ్రెషోల్డ్ వస్తుంది. సరోజినీ నాయుడు ఇల్లు. వాళ్ళ నాన్న అఘోరనాథ్ చటోపాధ్యాయ నిజాం కాలేజీకి తొలి ప్రిన్సిపాల్. సెంట్రల్ యూనివర్సిటీ అనగానే మనకు గచ్చిబౌలి బండలే గుర్తొస్తాయి గానీ, 1974లో అది మొదలైంది ఈ ఇంట్లో. ఇంకాస్త ముందుకు పోతే గన్‌ఫౌండ్రీ. రేమండ్ అనే ఫ్రెంచి దొర ఫిరంగులు పోతపోయించిన చోటు. ఆ దొరే మనవాళ్ళ నోట్లో మూసారాం అయి, మూసారాంబాగ్‌లో మిగిలిపోయాడు. 1919లో ఉస్మానియా తొలి క్లాసులు జరిగిందీ ఈ చుట్టుపక్కలే. అంటే ఊళ్ళోని రెండు పెద్ద యూనివర్సిటీలూ పుట్టిన ఇళ్ళ మధ్య పట్టుమని అరగంట నడక కూడా లేదు.

ఆ పక్కనే నిజాం కాలేజీ, 1887ది. తమాషా ఏమిటంటే, నిజాం పేరు పెట్టుకున్న ఈ కాలేజీ 1947 దాకా మద్రాసు యూనివర్సిటీకి అనుబంధం. చదువంతా ఇంగ్లిషులో. కూతవేటు దూరాన ఉస్మానియా మాత్రం లెక్కలూ రసాయనశాస్త్రమూ న్యాయశాస్త్రమూ ఉర్దూలో చెబుతోంది. పాఠ్యపుస్తకాలు లేవంటే 1917లోనే దారుల్ తర్జుమా అని ఒక అనువాద శాఖ పెట్టి, పండితులను కూర్చోబెట్టి, పుస్తకాలు రాయించారు. ఒకే ఊళ్ళో ఒకే ప్రభువు కింద ఈ రెండు చదువులూ ఒకదాని మొహం ఒకటి చూడకుండా ముప్పై ఏళ్ళు బతికాయి. ఇది నాకు మహా ఇష్టమైన సంగతి. దీన్ని నేను చెప్పగా విని "అవునా" అని కళ్ళు పెద్దవి చేసిన మనిషి ఇంతవరకు తగల్లేదు.

చివరకు కోఠి. ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ, 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ, ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం. మెట్లకు రెండు వైపులా సింహాలు. కట్టించిన కిర్క్‌పాట్రిక్, పరదా దాటని తన భార్య ఖైరున్నిసా చూసుకోవడానికి ఆ భవనానికే చిన్న బొమ్మలాంటి నమూనా తోటలో కట్టించాడని చెబుతారు. ఓపికుంటే మూసీ వైపు దిగి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు చూసి ఇంటికి. 1908 సెప్టెంబరు 28 వరదలో 150 మంది దాకా ఆ చెట్టెక్కి బతికారంటారు.

ఇంతవరకూ బుద్ధిమంతుడి నడకే. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఇవన్నీ నేను మనసులో అనుకోవడం లేదు, పైకి చెబుతున్నాను. మొదట పెదవులు కదిలేవి. తర్వాత గొంతు. గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక ఆటో అతను ఆపి, "ఎవరితోని మాట్లాడుతున్నరు పెద్దాయనా, ఇంటి అడ్రస్ యాదికున్నదా?" అని అడిగాడు. ఆ రోజు ఇంటికొచ్చి అబ్బాయి పంపిన బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వెతికి తీశాను. చార్జింగు లేదు, ఎక్కించాలనీ అనుకోలేదు. చెవిలో ఉంటే చాలు. అది పెట్టుకుని రోడ్డు మీద ఎంత గట్టిగా మాట్లాడినా ఈ ఊళ్ళో ఎవరూ తిరిగి చూడరు. చచ్చిన యంత్రం చెవిలో పెట్టుకుని, రోడ్డుకు అడ్డంగా నిలబడి, "మీ కుడిచేతి వైపు చూడండి" అని చెప్పుకుంటూ తిరిగాను. అప్పుడది నాకు చాలా తెలివైన ఉపాయంలా కనబడింది.

ఉస్మానియా క్యాంపస్‌ను చివరికి ఉంచుకున్నాను, పండక్కి కొత్త చొక్కా దాచుకున్నంత జాగ్రత్తగా. దానికి కారణం మా ఆవిడ. ఆమె ఆర్ట్స్ కాలేజీలో ఎం.ఏ. చదివింది. నాది దూరవిద్య. పెళ్ళయిన కొత్తలో ఆమె క్యాంపస్ కబుర్లు చెబుతుంటే నాకు లోపల ఎక్కడో గుచ్చుకునేది. అందుకని పుస్తకాలు చదివి, ఆమె చదివిన కాలేజీ గురించి ఆమెకే చెప్పడం మొదలుపెట్టాను. దశాబ్దాలుగా చెబుతున్నాను. "అడిక్‌మెట్ నేలంతా ఒకప్పుడు మహలఖాబాయి చందా జాగీరు, తెలుసా?" అంటాను. "మేం వానాకాలం ఆ పొదల్ల సీతాఫలాలు తెంపుకునేటోళ్ళం" అంటుంది. నేను ఎర్నెస్ట్ జాస్పర్ అంటాను, ఆమె క్యాంటీన్ అంటుంది. నడకకు రమ్మని పిలిస్తే, "నేను అక్కడ నడిచి నడిచే డిగ్రీ తెచ్చుకున్నా. మీరు పోయి రండి" అంది.

ఆదివారం పొద్దున్నే అడిక్‌మెట్ వైపు నుంచి లోపలికి వెళ్ళాను. ఆ వేళకు క్యాంపస్ క్యాంపస్‌లా ఉండదు, ఊరి ఊపిరితిత్తిలా ఉంటుంది అని కాగితంలో రాసుకున్నాను కూడా, ఎవరికైనా చెప్పడానికి. కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యే కుర్రాళ్ళు చేతిలో ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టుకుని పరుగెత్తుతున్నారు. చెట్ల కింద గ్రూప్స్ చదివేవాళ్ళు కళ్ళు మూసుకుని రాజ్యాంగ అధికరణాలు వల్లె వేస్తున్నారు. ఎక్కడో నెమలి అరిచింది. పెళ్ళి కుదిరిన ఒక జంట ఫోటోల కోసం తెల్లారకముందే ముస్తాబై వచ్చింది. ఆ అమ్మాయి పొడుగాటి గౌను అంచుల్ని ఎత్తి పట్టుకుని ఒక తమ్ముడు వెనకే నడుస్తున్నాడు.

ఆర్ట్స్ కాలేజీ ముందు నిలబడితే ఎవరికైనా కాసేపు మాట రాదు. నాకు వచ్చింది. ఆ భవనాన్ని దగ్గరగా చూడాలి. దూరం నుంచి నవాబుల కోటలా ఉంటుంది, దగ్గరికి పోతే గుహాలయంలా ఉంటుంది. కింద స్తంభాలు పొట్టిగా, బలంగా, అజంతా ఎల్లోరాల్లో కొండను తొలిచి నిలిపిన స్తంభాల తీరు. వాటి మీద కూర్చున్నవి మాత్రం మసీదుల్లో చూసే కమానులు. లేత గులాబి రంగు గ్రానైటు. పొద్దున ఎండ పడ్డప్పుడు ఆ రాయిలోని అభ్రకపు రవ్వలు చెమట పట్టినట్టు మెరుస్తాయి. నడిమధ్య ఆకాశంలోకి పోయే ఒక మహా ద్వారం, దానికి ముందు వెడల్పాటి మెట్లు.

"నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని యూరప్, అమెరికా, జపాన్, టర్కీ, ఈజిప్టు తిరిగి అక్కడి యూనివర్సిటీలు చూసి రమ్మని పంపారు" అని మొదలుపెట్టాను. "నక్షా గీసినాయన బెల్జియం దేశస్థుడు, ఎర్నెస్ట్ జాస్పర్. కైరో పక్కన హీలియోపాలిస్‌లో పెద్ద హోటలు కట్టిన మనిషి. 1934 జూలై 5న పునాది రాయి, 1939 డిసెంబరు 4న ప్రారంభం..."

వెనక నుంచి, "సార్, కొంచెం గట్టిగ చెప్పరాదుండ్రి" అని వినిపించింది.

తిరిగి చూస్తే మనుషులు. ఒక కుటుంబం, కూతురి పరీక్ష కోసం జగిత్యాల నుంచి వచ్చి కాస్త టైముంటే చూద్దామని నిలబడ్డవాళ్ళు, వెంట ఎనిమిదేళ్ళ పిల్లగాడు. నడకకొచ్చిన ఇద్దరు పెద్దమనుషులు. చేతిలో నోటుబుక్కులతో ఇద్దరు గ్రూప్స్ కుర్రాళ్ళు. నా చెవిలోది చూసి అదేదో మైకు సరంజామా అనుకున్నారు, ఏదో బృందానికి నేను గైడునని వాళ్ళ నమ్మకం. "నేను గైడును కాను" అనే మూడు మాటలు అప్పుడు నా నోట్లో ఉన్నాయి. మింగేశాను. చెవిలోది తీసి జేబులో వేసుకుని, గొంతు సవరించుకుని, "మళ్ళీ మొదటి నుంచి చెబుతాను" అన్నాను.

ఎన్నేళ్ళకు దొరికారు! జైన్ యార్ జంగ్‌తో మొదలుపెట్టి మొత్తం చెప్పాను. కాసేపటికే పెద్దమనుషుల్లో ఒకాయన వాచీ చూసుకున్నాడు. జగిత్యాలావిడ ఫోటో తీసుకుంటున్న గౌను వైపు చూస్తోంది. 1938లో ఇక్కడి హాస్టళ్ళలో పిల్లలు వందేమాతరం పాడారని, పాడినందుకు యూనివర్సిటీ గెంటేస్తే చాలామంది నాగపూర్ పోయి చదువుకున్నారని చెప్పాను. కుర్రాళ్ళిద్దరూ అది రాసుకున్నారు గానీ, వాళ్ళకది ముందే తెలుసని ఆ రాసుకునే తీరులోనే కనబడింది. బ్యాంకులో దగ్గు వినబడని చెవులు నావి. ఆ రోజు మాత్రం ఎవరూ దగ్గకపోయినా వినబడింది. జనం జారిపోతున్నారు.

సరిగ్గా అప్పుడే జగిత్యాలాయన తల పైకెత్తి, "గా దర్వాజ గంత ఎత్తు ఎందుకు వెట్టిండ్రు సార్? మనుషులు పోనీకె గంత అవసరమా?" అని అడిగాడు.

మంచి ప్రశ్న. నాకు జవాబు తెలియదు. తెలియదు అంటే సరిపోయేది, లేదా ఠీవి కోసం అన్నా సరిపోయేది. నా నోటి నుంచి మాత్రం ఇలా వచ్చింది: "నిజాం ప్రభువు ప్రారంభోత్సవానికి అంబారీ ఏనుగు మీద వచ్చాడు. దిగకుండా లోపలికి పోవాలి కదా. అందుకని అంబారీ ఎత్తు కొలిచి ద్వారం పెట్టించారు."

ఇందులో ఒక్క ముక్క నిజం లేదు. ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ నాకు చెప్పలేదు. ఆ క్షణానికి ముందు నాక్కూడా తెలియదు. కానీ అప్పుడా మొహాలు చూడాలి మీరు! వాచీ చూసుకున్నాయన చేయి దించాడు. జగిత్యాలావిడ గౌనును మరిచిపోయింది. అందరి తలలూ ఒక్కసారి పైకి లేచి ఏనుగు ఎత్తు కొలిచాయి. జాస్పర్ అనే మనిషి బెల్జియం నుంచి బయల్దేరి కైరో మీదుగా అడిక్‌మెట్ దాకా వచ్చినా ఎవరికీ పట్టలేదు. లేని ఏనుగు మాత్రం అంబారీతో సహా నిలబడింది.

"ఏనుగు మెట్లెక్కుతదా?" అన్నాడు పిల్లగాడు.

వాడి తెలివికి ఇప్పుడు దండం పెడతాను. అప్పుడు మాత్రం వాణ్ణి చూస్తే ఒళ్ళు మండింది. ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది ఎంత తేలికో ఆ మెట్ల ముందు తెలిసింది. "అప్పుడు మెట్లు లేవు నాన్నా. మట్టి వాలు ఉండేది. మెట్లు తర్వాత కట్టారు" అన్నాను. ఎప్పుడు అని పిల్లగాడు అడగకముందే గబగబా ఎదురుగా ఉన్న తోట వైపు నడిచాను. అందరూ నా వెనకే. నడుస్తూనే కుర్రాడొకడు నోటుబుక్కులో రాస్తున్నాడు. "సార్, ఇది గ్రూప్స్‌ల వస్తదా?" అని అడిగాడు.

"రాదు, రాదు" అన్నాను. రాదని చెప్పాను గానీ కొట్టెయ్యమని చెప్పలేదు.

తోటలో నా గైడు హోదా ఇంకో మెట్టు దిగింది. పసుపు పూల చెట్టు చూపించి రేల అన్నాను, ఇంకా ధీమాగా, బతుకమ్మ కాలంలో, రేల పాటలు అంటూ ఎత్తుకున్నాను. అక్కడ ఆకులు ఊడుస్తున్న ఆమె చీపురు ఆపి, "రేల గిట్ల పైకి చూడదు సారూ, కిందికి ఏలాడ్తది. గిది పచ్చతురాయి" అంది. నేను పుట్టింది ఊళ్ళోనే. మా పొలం గట్టున రేల చెట్టు ఉండేది. ఆ పూల గుత్తులు తల మీద తగులుతుంటే బడికి పోయిన మనిషిని. రిటైరైన నాటి నుంచి చెట్టును చూడకుండా చెట్టు గురించి చెప్పడం అలవాటైపోయింది, అంతే. ఎవరూ నవ్వలేదు. అందరూ ఆమె చుట్టూ చేరి మిగతా చెట్ల పేర్లు అడగడం మొదలుపెట్టారు. కానుగ, నెమలినార, నిద్రగన్నేరు, ఆమె చీపురుతో చూపిస్తూ గడగడా చెప్పింది. నా ప్రేక్షకులు అటు పోతుంటే చూస్తూ నిలబడలేక, "ఇంకా అసలైంది చూపిస్తాను రండి" అన్నాను.

అసలైంది మహలఖాబాయి బావి. 1768లో పుట్టి 1824లో పోయిన ఆ కవయిత్రి, ఉర్దూ గజళ్ళు రాసి, సభల్లో ఆడి పాడి, నిజాం దర్బారులో జాగీర్లు పొందిన మనిషి. సమాధి మౌలాలీ గుట్ట కింద ఉంది. ఆమె పేరుతో చెప్పే మెట్లబావి ఈ క్యాంపస్ నేలలోనే, ఇఫ్లూ అనే విదేశీ భాషల యూనివర్సిటీ వైపు ఉందని చదివాను. చదివాను, చూళ్ళేదు. ఫోన్లో మ్యాపు పెట్టుకుని ముందు నడిచాను. మ్యాపులో చుక్కలు చుక్కలుగా దారి కనబడుతోంది, నేల మీద తుమ్మ ముళ్ళు కనబడుతున్నాయి. చొక్కా చిరిగింది. జగిత్యాలాయన కూతురు, పరీక్ష రాయాల్సిన పిల్ల, కొత్త చెప్పులతో వెనక కుంటుతోంది. చివరికి ఒక గేటు దగ్గర తేలాం. కాపలా మనిషి చాలా మర్యాదగా, "ఎవరు సార్ మీరు? లెటర్ ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు.

"గైడ్ సార్" అన్నారు వెనక నుంచి అందరూ, నా తరఫున.

"ఏ ఆఫీసు సార్?"

నేను ఏ ఆఫీసూ కాదు. కాగితం జేబులో ఉంది, దాని మీద సంతకం లేదు, ముద్ర లేదు, నా చేతిరాత ఉంది. "ఇవాళ ఆదివారం కదా, అనుమతి ఉండదు" అని వాళ్ళ వైపు తిరిగి చెప్పాను, అనుమతి ఉండే రోజు నాకు ఉన్నట్టు. అది మూడో అబద్ధం.

జగిత్యాలవాళ్ళు పరీక్షకు టైమవుతోందని వెళ్ళిపోయారు. పోతూ ఆయన నా చేతిలో వంద నోటు పెట్టాడు. వద్దన్నాను. మళ్ళీ పెట్టాడు. వద్దంటూనే తీసుకున్నాను. బ్యాంకులో లక్షలు లెక్కపెట్టిన చేతులు, ఆ వంద నోటు పట్టుకుని వణికాయి. సిగ్గుతో అని చెప్పాలని ఉంది గానీ, అందులో కొంత సంతోషం. నా మాటకు ఒక మనిషి డబ్బులివ్వడం అదే మొదలు.

ఆ డబ్బు పెట్టి తార్నాకలో కుర్రాళ్ళిద్దరికీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఇప్పించాను. వాళ్ళ ఊళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు, నోటిఫికేషన్లు వాయిదా పడుతున్న తీరు, గదికి అద్దె ఎంత, మెస్సు బిల్లు ఎంత, అన్నీ చెప్పారు. వినడం కూడా బాగానే ఉంటుందని నాకు అప్పుడు కాస్త తెలిసింది. చాయ్ అయిపోవస్తుండగా ఏనుగు సంగతి తేల్చేద్దామని "బాబూ, ఇందాక చెప్పినది..." అన్నాను. వాడు మధ్యలోనే అందుకుని, "సూపర్ ఉండె సార్. బుక్కులల్ల ఇసుంటియి దొరకయి" అన్నాడు. నేను బిస్కెట్ ముంచుకున్నాను. అది చాయ్‌లో తెగిపడింది. చెంచా కోసం వెతుకుతున్నట్టు నటిస్తూ ఆ క్షణం దాటించాను. వాడు ఫోన్ నంబరు అడిగితే ఇచ్చాను.

ఇంటికి వచ్చి మా ఆవిడకు ఏనుగు తప్ప మిగతా అంతా చెప్పాను. చిరిగిన చొక్కా చూస్తూ వింది. "లోపలికి పోయిండ్రా?" అంది. ఆదివారం కదా, పోలేదన్నాను. "ఎప్పుడన్న పోయిండ్రా?" అంది. ఆలోచించాను. ఎప్పుడూ పోలేదు. జాస్పర్ ఎవరో తెలుసు, పునాది రాయి తేదీ తెలుసు, గుమ్మం దాటలేదు. "మే నెలల కూడ లోపల చల్లగుంటది" అంది. "పరీక్షలప్పుడు మేం పైన వరండాల రాతి మీద చెంప ఆనించి పండుకునేటోళ్ళం. లేచేసరికి చెంప మీద రాయి గుర్తులుండేటివి." ఇన్నేళ్ళ కాపురంలో ఈ సంగతి నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు ఎప్పుడు ఆగిండ్రు చెప్పనీకె?" అంది.

నాలుగు రోజుల తర్వాత ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. ఏనుగు ఏ సంవత్సరమో అడిగాడు, 1934నా 1939నా అని. అప్పుడు చెప్పేశాను, అది నిజం కాదు, కొట్టెయ్ అని. అటు వైపు కాసేపు మాట లేదు. "నేను ఫోటో తీసి స్టడీ గ్రూపుల పెట్టిన సార్" అన్నాడు. "వాళ్ళు ఇంకో గ్రూపుల పెట్టిండ్రు."

తర్వాతి వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పైన గులాబీ పూల గుత్తి, శుభోదయం, కింద ఎర్ర అక్షరాల్లో మీకు తెలుసా అని. ఆర్ట్స్ కాలేజీకి మొదట మెట్లు లేవట. నిజాం అంబారీ ఏనుగు మీద నేరుగా లోపలికి వెళ్ళాడట. ఏనుగుకు ఒక పేరు కూడా పెట్టారు. దాని బరువు వేశారు. ఆ బరువు తట్టుకోవడానికే లోపలి బండలు అంత మందంగా పరిచారట. ఇది నేను చెప్పలేదు, ఎవరో కలిపారు, బాగానే కలిపారు. కింద నమస్కారాలు, చప్పట్లు. పై వీధిలో ఉండే ఒకాయన, వాళ్ళ తాత ఆ ఏనుగును కళ్ళారా చూశాడని రాశాడు.

నేను టైపు చేశాను. ఇది నిజం కాదనీ, ద్వారానికీ ఏనుగుకూ సంబంధం లేదనీ, నక్షా గీసింది జాస్పర్ అనీ, పునాది తేదీ, ప్రారంభం తేదీ, అన్నీ వేసి పంపాను. ఇది పుట్టించింది నేనేనని మాత్రం రాయలేకపోయాను. రాశాను, చెరిపాను. అయిదు నిమిషాలకు కాలనీ సెక్రటరీ అడిగాడు: "మీ దగ్గర ఆధారం ఉందా సార్?" ఏనుగుకు ఎవరూ అడగని ఆధారం జాస్పర్‌కు కావలసి వచ్చింది. తాత చూశాడన్నాయన, "తెలిసినవాళ్ళు చెబుతుంటే వినాలి కదండీ" అన్నాడు.

మా ఆవిడ కూడా ఆ గ్రూపులో ఉంది. వంటింట్లోంచి ఆమె ఫోన్ టింగుమంది. ఆమెకు కుర్రాడి ఫోన్ సంగతి తెలుసు, ఏనుగు ఎక్కడ పుట్టిందో తెలుసు. ఆ గ్రూపులో ఆర్ట్స్ కాలేజీలో చదివిన మనిషి ఆమె ఒక్కతే. ఏం రాస్తుందా అని నా ఫోన్ తెరిచి చూస్తూ కూర్చున్నాను.

ఏనుగు ఫార్వర్డుకు బొటనవేలు పెట్టింది.